కణం లోపలి పట్టాలు, ద్వారాలు, పొరలు: వైరస్ వాటిని ఎలా వాడుకుంటుంది?

కొత్తపాఠకి:
పాఠ్యపుస్తకాల్లో బొమ్మ ఎప్పుడూ ఒకటే. వైరస్ కణానికి అతుక్కుంటుంది, లోపలికి దిగుతుంది, తర్వాత ఒక బాణం గుర్తు, దాని కొసన కేంద్రకం. ఆ బాణం గుర్తు ఉన్నచోట అసలు ఏం జరుగుతుందన్నదే నా ప్రశ్న. వైరస్‌కు కదిలే అవయవం లేదు, శక్తి తయారుచేసుకునే ఏర్పాటూ లేదు. మరి ద్రవంలో తేలుతూ పోతుందా? అలాగైతే కణంలోని సన్నని ప్రొటీన్ గొట్టాలైన మైక్రోట్యూబ్యూల్స్‌ను విరగ్గొట్టే నకొడజోల్ వేస్తే ఇన్ఫెక్షన్ ఎందుకు తగ్గుతుంది? ఆ గొట్టాలనే పట్టాలుగా వాడుకుంటుందనుకుంటే, అదే మందు వేశాక ఇన్ఫెక్షన్ పూర్తిగా ఆగిపోవాలి కదా, ఎందుకు ఆగదు? అచ్చైన ఫలితాల్లో రెండు రకాలూ కనిపిస్తున్నాయి.

పోగులు_పట్టాలు:
ముందు తేలుతూ పోవడం సంగతి చూద్దాం. కణద్రవ్యం అంటే నీళ్లు కాదు. ఒక్క మిల్లీలీటరులో 200 నుంచి 300 మిల్లీగ్రాముల ప్రొటీన్ కిక్కిరిసి ఉంటుంది. దానికి తోడు యాక్టిన్ అనే ప్రొటీన్ పోగుల వల, ఈఆర్ (అంతర్జీవ ద్రవ్యజాలం) గొట్టాలు, మైటోకాండ్రియాలు. చిన్న ప్రొటీన్ ఈ సందుల్లోంచి దూరిపోతుంది. సుమారు 50 నానోమీటర్లు దాటిన వస్తువు మాత్రం ఉన్నచోటే తచ్చాడుతుంది. హెర్పిస్ క్యాప్సిడ్ (జన్యువును కప్పి ఉంచే ప్రొటీన్ పెంకు) వ్యాసం 125 నానోమీటర్లు. నాడీకణపు ఆక్సాన్‌లో అది కేవలం వ్యాపనంతో 10 మిల్లీమీటర్లు వెళ్లాలంటే 231 ఏళ్లు పడుతుందని బియాటె సోడైక్ 2000లో లెక్క కట్టారు. అదే క్యాప్సిడ్‌ను మోటారు ప్రొటీన్ సెకనుకు 1 మైక్రోమీటరు చొప్పున లాక్కెళితే 10,000 సెకన్లు చాలు, అంటే మూడు గంటల లోపే.

పట్టాలంటే మైక్రోట్యూబ్యూల్స్. వెడల్పు 25 నానోమీటర్లు. ఒక్కో ట్యూబ్యులిన్ జంట పొడవు 8 నానోమీటర్లు, కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్ వేసే అడుగూ అంతే. పట్టాకు దిశ ఉంటుందన్నది ఇక్కడ కీలకం. మామూలు కణంలో మైనస్ కొసలు కేంద్రకం పక్కనున్న సెంట్రోసోమ్ దగ్గర, ప్లస్ కొసలు అంచుల దగ్గర ఉంటాయి. డైనీన్ అనే ఇంకో మోటారు మైనస్ వైపు నడుస్తుంది, కైనెసిన్‌లలో ఎక్కువ భాగం ప్లస్ వైపు. కాబట్టి కేంద్రకానికి వెళ్లాల్సిన వైరస్ డైనీన్‌ను పట్టుకోవాలి. అడినోవైరస్‌లో ఆ పని హెక్సాన్ ప్రొటీన్‌ది. అది కూడా ఎండోసోమ్ (వైరస్‌ను మింగిన పొర సంచి) ఆమ్లత తగిలాకే డైనీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. హెర్పిస్‌లో క్యాప్సిడ్‌ను అంటిపెట్టుకుని ఉండే లోపలి టెగ్యుమెంట్ (క్యాప్సిడ్‌కూ పై పొరకూ మధ్య ఉండే పూత) ప్రొటీన్ యూఎల్36 ఆ పని చూస్తుంది. వైరస్ వెంట తెచ్చుకునేది మోటారును కాదు, మోటారుకు తగిలించే కొక్కేన్ని.

రంధ్రం40:
పై మాటకు ఒక సవరణ. హెర్పిస్ సింప్లెక్స్ విషయంలో "మోటారును తెచ్చుకోదు" అనడం ఇప్పుడు చెల్లదు. ఎపిథీలియల్ కణంలో తయారయ్యేటప్పుడే అది అక్కడి కైనెసిన్‌-1ను కూడా కణికలో (ఒక్కో వైరస్ రేణువులో) సర్దుకుంటుందనీ, తర్వాత నాడీకణంలో సెంట్రోసోమ్ నుంచి కేంద్రకం దాకా వెళ్లడానికి దాన్నే వాడుకుంటుందనీ 2021లో చూపించారు. సెంట్రోసోమ్ మైనస్ కొస కదా, అక్కడి నుంచి కేంద్రకం వైపు పోవాలంటే ప్లస్ దిశలో నడిచే మోటారు కావాలి. డైనీన్ మోసుకొచ్చేది స్టేషన్ దాకానే, ఇంటిదాకా కాదు.

పోగులు_పట్టాలు:
నిజమే, సరిచేసినందుకు కృతజ్ఞతలు. ఆ ఆఖరి కొన్ని మైక్రోమీటర్లు చాలాకాలం ఎవరూ పట్టించుకోని భాగం.

బెంచ్‌నోట్స్:
కొత్తపాఠకి గారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు సగం జీవశాస్త్రంలో, సగం ప్రయోగం చేసే తీరులో ఉంది.

మొదటిది, మైక్రోట్యూబ్యూల్స్ అన్నీ ఒకే తీరుగా విరగవు. కొత్తగా పెరుగుతున్నవి నకొడజోల్‌కు నిమిషాల్లో లొంగుతాయి. ఎసిటైల్ గుంపు చేరిన పాత, స్థిరమైన పోగులు 37 డిగ్రీల దగ్గర గంట తర్వాత కూడా మిగిలే ఉంటాయి. వైరస్‌కు ఆ మిగిలిన కొన్ని చాలు. అందుకని ముందు కణాల పళ్లేన్ని 30 నుంచి 60 నిమిషాలు మంచు మీద ఉంచి, చలికి పోగులన్నీ కరిగాక, 10 నుంచి 20 మైక్రోమోలార్ నకొడజోల్ ఉన్న మాధ్యమంలోనే 37 డిగ్రీలకు తేవాలి. అలా చేస్తే కరిగినవి మళ్లీ పెరగవు. పక్కనే ఒక కవర్‌స్లిప్‌కు ట్యూబ్యులిన్ రంగు వేసి, పోగులు నిజంగా పోయాయో లేదో చూడాలి. ఈ చిత్రం లేని ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

రెండోది, మందు వైరస్‌ను ఆపిందా, ఆలస్యం మాత్రమే చేసిందా అన్నది. పళ్లెంలో పరుచుకున్న బల్లపరుపు కణంలో పొర నుంచి కేంద్రకానికి కొన్నిచోట్ల కొద్ది మైక్రోమీటర్లే దూరం. అక్కడ దిగిన కణిక తచ్చాడుతూ అయినా చేరుతుంది. హెర్పిస్‌కైతే 3, 4 గంటలకే ఐసీపీ4 లాంటి తొలి ప్రొటీన్‌ను లెక్కిస్తే పెద్ద తేడా కనిపిస్తుంది. 24 గంటలు ఆగి చూస్తే ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. రెండు ఫలితాలూ నిజమే, అడిగిన ప్రశ్నలు వేరు.

మూడోది ఎంఓఐ, అంటే కణానికి ఎన్ని ఇన్ఫెక్షన్ కణికలు వేశామన్నది. కణానికి 10 చొప్పున వేసి, పది శాతమే కేంద్రకానికి చేరేలా చేశారనుకోండి. అప్పుడు సగటున ఒకటి చేరుతుంది, పాయిసాన్ లెక్క ప్రకారం 63 శాతం కణాలు ఇంకా పాజిటివ్‌గానే కనిపిస్తాయి. తొంభై శాతం నిరోధం మీ కంటికి మూడో వంతు కంటే కాస్త ఎక్కువగా మాత్రమే తెలుస్తుంది. 0.1 నుంచి 0.3 మధ్య ఎంఓఐతో చేస్తే లెక్క సూటిగా వస్తుంది.

నాలుగోది సమయం. నకొడజోల్‌ను 12 గంటలు దాటి ఉంచితే విభజనకు వచ్చిన కణాలు మధ్యలోనే ఆగి గుండ్రంగా లేచిపోతాయి. అప్పుడు కేంద్రక పొరే ఉండదు. పొర లేని కణంలో "కేంద్రకంలోకి చేరిక" కొలవడానికి అర్థం లేదు.

కొత్తపాఠకి:
చాలా స్పష్టంగా ఉంది. ఒక్క సందేహం. వైరస్‌లన్నీ ఒకేసారి లోపలికి వెళ్లేలా 4 డిగ్రీల దగ్గర గంటసేపు అతికించి, తర్వాత వేడి చేస్తారు కదా. ఆ చలికి అన్ని పళ్లేల్లోనూ మైక్రోట్యూబ్యూల్స్ కరిగిపోవా?

బెంచ్‌నోట్స్:
కరుగుతాయి. మందు లేని పళ్లెంలో 37 డిగ్రీలకు తెచ్చిన కొద్ది నిమిషాల్లో మళ్లీ అల్లుకుంటాయి కాబట్టి గంటల లెక్కన చూసే కొలతకు ఇబ్బంది లేదు. లోపలికి దిగిన మొదటి 5 నిమిషాల కదలికను చిత్రీకరించేవారికి మాత్రం ఇది పెద్ద దోషం. వాళ్లు చలిలో అతికించే పద్ధతి మానాలి. డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావకం) మాత్రమే వేసిన పళ్లేన్ని కూడా అదే మంచు మీద, అంతే సేపు ఉంచాలి. దాన్ని బయట వదిలేయడం తరచూ జరిగే తప్పు.

రంధ్రం40:
ఇక కేంద్రక రంధ్రం. ఎవరి సాయమూ లేకుండా దాని గుండా పోగలిగినవి సుమారు 40 కిలోడాల్టన్ల లోపు ప్రొటీన్లే. అంతకంటే పెద్దవి ఇంపోర్టిన్ అనే మోసే ప్రొటీన్ చేయి పట్టుకుని వెళ్లాలి. నడి దారి వెడల్పు విడదీసిన పొరల్లో 40 నానోమీటర్లకు దగ్గరగా కొలిచారు. కణంలో ఉన్నది ఉన్నట్టు క్రయో టోమోగ్రఫీతో (గడ్డకట్టించిన కణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో త్రిమితీయంగా చూసే పద్ధతితో) చూస్తే 60 దాకా తెరుచుకుని ఉంది. ఈ ఒక్క సంఖ్య మారేసరికి హెచ్‌ఐవీ కథే మారిపోయింది.

ఒక్కో వైరస్ కొలతే దాని పద్ధతిని నిర్ణయిస్తుంది. హెపటైటిస్ బి క్యాప్సిడ్ 36 నానోమీటర్లు, అలాగే రంధ్రంలోకి దూరగలదు. ఇన్‌ఫ్లుయెంజా తన జన్యువును 8 ముక్కలుగా తెస్తుంది. ఒక్కో ముక్కకు చుట్టుకున్న ఎన్‌పీ ప్రొటీన్ మీద కేంద్రకం చిరునామా రాసి ఉంటుంది, ఇంపోర్టిన్లు ఆ ముక్కలను విడివిడిగా తీసుకెళ్తాయి. 125 నానోమీటర్ల హెర్పిస్ దూరలేదు. రంధ్రం అంచున ఆగి, లోపల 18 వాతావరణ పీడనాలంత ఒత్తిడితో కుక్కిన 152 వేల బేస్ జతల డీఎన్‌ఏను ఒక మూల నుంచి లోపలికి చిమ్ముతుంది. అడినోవైరస్ 90 నానోమీటర్లు. అది రంధ్రపు ప్రొటీన్లలో కణద్రవ్యం వైపున్న నప్214కు అతుక్కుంటుంది, నప్358కి కట్టుకుని ఉన్న కైనెసిన్‌ క్యాప్సిడ్‌ను అవతలికి గుంజుతుంది. క్యాప్సిడ్ చీలుతుంది, దాంతోపాటు రంధ్రం కూడా కొంత చెదురుతుంది. బయటికి సరుకు మోసే మోటారుతో తలుపు దగ్గర మూట విప్పించుకోవడం నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి. ఎలుకల్లో రక్తక్యాన్సర్ తెచ్చే మ్యూరైన్ లుకీమియా వైరస్ ఇవేవీ చేయదు, కణం విభజన చెంది పొర దానంతటదే విడిపోయేదాకా వేచి ఉంటుంది. అందుకే అది విభజన లేని కణాల్లో ఇన్ఫెక్షన్ కలిగించలేదు.

హెచ్‌ఐవీ విషయం విడిగా చెప్పాలి. దాని క్యాప్సిడ్ శంకువు ఆకారంలో ఉంటుంది. పొడవు సుమారు 120, వెడల్పు 60 నానోమీటర్లు. రంధ్రం 40 అనుకున్న రోజుల్లో క్యాప్సిడ్ బయటే విడిపోవాలని అందరూ నమ్మారు. 2021లో వచ్చిన టోమోగ్రామ్‌లలో చెక్కుచెదరని శంకువు సన్నని కొస ముందుకు పెట్టి రంధ్రంలో ఇరుక్కుని కనిపించింది. అది ఎలా దూరుతుందన్నదానికి 2024లో మరింత స్పష్టత వచ్చింది. రంధ్రం లోపల నిండి ఉండే, ఫినైలాలనిన్-గ్లైసిన్ జత పదే పదే వచ్చే ఎఫ్‌జీ పోగుల జిగురును ఇంపోర్టిన్ ఎలా దాటుతుందో, క్యాప్సిడ్ ఉపరితలం కూడా ఆ పోగులకు నేరుగా అతుక్కుంటూ అలాగే దాటుతుంది. చేయి పట్టుకునేవాడు అక్కర్లేదు, తనే ఆ వేషం వేస్తుంది. క్యాప్సిడ్ ముక్కల మధ్య ఉన్న చిన్న గుంట ఎఫ్‌జీ జతను పట్టుకుంటుంది. నప్153, కేంద్రకం లోపలి సీపీఎస్‌ఎఫ్6 కూడా అదే గుంటలో కూర్చుంటాయి. 2022లో ఆమోదం పొందిన లెనకపవిర్ మందు బిగుసుకునేది సరిగ్గా ఆ గుంటలోనే.

జంటపొర:
ఇప్పటిదాకా కేంద్రకానికి పోయే వైరస్‌ల గురించే మాట్లాడుకున్నాం. పోలియో, డెంగీ, కరోనా లాంటి ప్లస్ పోగు ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లకు అక్కడ పనే లేదు. వాటి ఆర్‌ఎన్‌ఏ రైబోజోమ్ చేతిలో పడగానే ప్రొటీన్ తయారవుతుంది. వాటికి కావలసింది చాటు. నకలు తీసేటప్పుడు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణద్రవ్యంలో పొడవైనది దాదాపు ఉండదు కాబట్టి ఎండీఏ5 లాంటి కాపలా ప్రొటీన్లు దాన్ని చూడగానే ఇంటర్‌ఫెరాన్ గంట కొడతాయి. అందుకే ఈ వైరస్‌లన్నీ కణం పొరలను మలచి గదులు కట్టుకుంటాయి.

గది కట్టే తీరులో రెండు పెద్ద రకాలు. డెంగీ, జికా ఈఆర్ పొరను లోపలికి నొక్కి 80, 90 నానోమీటర్ల బుడగలు చేస్తాయి. కణద్రవ్యంలోకి 11 నానోమీటర్ల సన్నని మెడ మిగులుతుంది, న్యూక్లియోటైడ్లు లోపలికి, కొత్త ఆర్‌ఎన్‌ఏ బయటికి దాని గుండానే. కీటకాల ఫ్లాక్ హౌస్ వైరస్ ఇదే పనిని మైటోకాండ్రియా బయటి పొర మీద చేస్తుంది. దాని మెడ మీద 12 భాగాల కిరీటంలా వైరస్ ప్రొటీన్ కూర్చుని ఉంటుంది. కరోనా వైరస్‌ల దారి వేరు. ఎన్‌ఎస్‌పీ3, ఎన్‌ఎస్‌పీ4 కలిసి ఈఆర్ పొరను జంటగా మడిచి మూసిన బుడగలు చేస్తాయి. మొదట్లో ఇవి పూర్తిగా మూసి ఉన్నట్టే కనిపించాయి, ఆర్‌ఎన్‌ఏ బయటికి ఎలా వస్తుందన్నది పెద్ద చిక్కుగా ఉండేది. 2020లో రెండు పొరలనూ తొలుచుకుని ఉన్న ఆరు భాగాల రంధ్రం కనబడింది, దాని ముఖ్య భాగం ఎన్‌ఎస్‌పీ3.

గోడల సరుకు కూడా కణానిదే. పోలియో కుటుంబం పీఐ4కేబీ అనే ఎంజైమును పిలిపించి పొరల్లో పీఐ4పీ లిపిడ్‌ను పెంచుతుంది, కణం ప్రొటీన్ జీబీఎఫ్1ను కూడా వాడుకుంటుంది. అందుకే జీబీఎఫ్1ను కట్టేసే బ్రెఫెల్డిన్ ఏ వేస్తే పోలియో ఆగిపోతుంది. అదే కుటుంబానికి చెందిన ఈఎంసీవీకి (ఎన్‌సెఫలోమయోకార్డైటిస్ వైరస్‌కు) చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఒక వైరస్‌లో చూసినదాన్ని పక్క వైరస్‌కు అంటగట్టకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కొత్తపాఠకి:
ఈ గదులను మామూలు ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శినిలో చూడొచ్చా? జే2 యాంటీబాడీతో తీసిన చిత్రాలు చాలాచోట్ల కనిపిస్తాయి.

జంటపొర:
గది ఉన్న చోటు తెలుస్తుంది, గది ఆకారం తెలియదు. మామూలు కాంతి సూక్ష్మదర్శిని విడదీసి చూపగలిగేది 200 నానోమీటర్ల దాకానే, పైన చెప్పిన డెంగీ బుడగ అందులో సగం కూడా లేదు. రెండు రంగులు ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే ఆ రెండు వస్తువులూ 200 నానోమీటర్ల లోపు ఉన్నాయని మాత్రమే అర్థం. ఒకే పొర మీద ఉన్నాయని కాదు.

జే2తో ఇంకో ఉచ్చు ఉంది. అది రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది, సుమారు 40 బేస్ జతల పొడవు ఉంటే చాలు. అక్కడ ఇప్పుడు నకలు తీస్తున్నారో, పాత సరుకు నిల్వ ఉందో అది చెప్పదు. జరుగుతున్న పనిని చూడాలంటే కణం సొంత ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆక్టినోమైసిన్ డితో ఆపి, బ్రోమోయూరిడిన్ లేదా ఇథైనైల్ యూరిడిన్‌ను కొద్దిసేపు అందించి, అది చేరిన చోటును రంగుతో గుర్తించాలి.

ఆర్‌ఎన్‌ఏ నిజంగా పొర చాటున ఉందా అన్న ప్రశ్నకు డిజిటోనిన్ మంచి పరికరం. కణం బయటి పొరలో కొలెస్టరాల్ ఎక్కువ, ఈఆర్‌లో తక్కువ. కొద్ది మోతాదు డిజిటోనిన్ బయటి పొరకే చిల్లులు పెడుతుంది. ట్రైటాన్ అనే డిటర్జెంట్ అన్నిటినీ కరిగిస్తుంది. ట్రైటాన్ పళ్లెంలో జే2 వెలిగి, డిజిటోనిన్ పళ్లెంలో వెలగకపోతే ఆర్‌ఎన్‌ఏ మూసిన గదిలో ఉన్నట్టే. అయితే ఈఆర్ లోపలి ప్రొటీన్ ఒకదానికి కూడా రంగు వేసి, డిజిటోనిన్ పళ్లెంలో అది కనిపించలేదని నిరూపించాలి. మోతాదు కాస్త ఎక్కువైతే ఈఆర్ కూడా తెరుచుకుంటుంది, కణరకం మారిన ప్రతిసారీ మోతాదును కొత్తగా సరిచూసుకోవాల్సిందే.

బెంచ్‌నోట్స్:
ఆక్టినోమైసిన్ డి గురించి ఒక హెచ్చరిక. ఇన్‌ఫ్లుయెంజాకు ఈ పద్ధతి పనికిరాదు. అది కణం తయారుచేస్తున్న ఎంఆర్‌ఎన్‌ఏల తలల నుంచి 10 నుంచి 13 న్యూక్లియోటైడ్ల టోపీ ముక్కను కత్తిరించుకుని తన ఎంఆర్‌ఎన్‌ఏ మొదలుపెడుతుంది. కణం పని ఆపితే కత్తిరించుకోవడానికి ఏమీ ఉండదు, వైరస్ కూడా ఆగిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ వైరస్సే అయినా కేంద్రకానికి ఎందుకు వెళ్తుందన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది.

స్థిరీకరణ (కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపి ఉంచడం) గురించి కూడా. మైక్రోట్యూబ్యూల్స్ చూడాలంటే మైనస్ 20 డిగ్రీల మిథనాల్‌లో 5 నిమిషాలు ఉంచితే పోగులు బాగా నిలుస్తాయి, కానీ జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రొటీన్ వెలుగు పోతుంది, పొరల్లోని లిపిడ్లు కొట్టుకుపోతాయి. పొరలు చూడాలంటే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, 15 నిమిషాలు. దాన్ని చల్లగా వేస్తే పోగులు ముక్కలవుతాయి కాబట్టి 37 డిగ్రీలకు వేడి చేసి వేయాలి.

పోగులు_పట్టాలు:
బయటికి వచ్చే దారి కూడా చెబితే చిత్రం పూర్తవుతుంది. హెచ్‌ఐవీ గ్యాగ్ ప్రొటీన్ పొరను బుడగలా ఉబ్బించగలదు కానీ మెడ కోయలేదు. గ్యాగ్ చివర పీ6లో పీటీఏపీ అనే నాలుగు అమైనో ఆమ్లాలున్నాయి. అవి టీఎస్‌జీ101ను పట్టుకుంటాయి, దాని వెంట ఎస్కార్ట్ యంత్రాంగమంతా వస్తుంది. కణం తన విభజన ఆఖరి ఘట్టంలో రెండు పిల్లకణాల మధ్య మెడ కోసుకోవడానికి వాడేది ఇదే. ఆ నాలుగు అక్షరాలు మార్చినా, పనిచేయని వీపీఎస్4 (ఎస్కార్ట్‌ను నడిపే ఎంజైమ్) పెట్టినా వైరస్‌లు కాడలకు వేలాడుతూ ఉండిపోతాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ దృశ్యం ఒకసారి చూస్తే మరచిపోలేం. ఇన్‌ఫ్లుయెంజాకు ఎస్కార్ట్ అక్కర్లేదు, దాని ఎం2 ప్రొటీనే మెడ కోస్తుంది.

మశూచి టీకాలో వాడిన వాక్సీనియా వైరస్ రెండు వాహనాలు మారుతుంది. అంచు దాకా కైనెసిన్‌ మీద వచ్చి, అక్కడ ఏ36 ప్రొటీన్‌ను కణం సొంత ఎస్‌ఆర్‌సీ ఎంజైముతో ఫాస్ఫేట్ చేయించుకుంటుంది. తర్వాత ఎన్‌సీకే, ఎన్-వాస్ప్, ఏఆర్‌పీ2/3 అనే కణపు ప్రొటీన్లు వరసగా వచ్చి యాక్టిన్ తోకను పెంచుతాయి. నిమిషానికి 2.8 మైక్రోమీటర్ల వేగంతో ఆ తోక వైరస్‌ను పక్క కణంలోకి నెడుతుంది.

కొత్తపాఠకి:
ఇంతగా కణం మీద ఆధారపడుతుంటే, వైరస్‌ను వదిలేసి ఆ కణ భాగాన్నే మందుతో కట్టేస్తే సరిపోదా? వైరస్ మారగలదు, కణం మారదు కదా.

రంధ్రం40:
ఆ వాదనలో రెండు లోపాలున్నాయి. మొదటిది, వైరస్ కణ భాగం లేకుండా బతకడం నేర్చుకోగలదు. పీఐ4కేబీని నిరోధిస్తే కాక్సాకీ వైరస్ 3ఏ ప్రొటీన్‌లో ఒకే ఒక్క మార్పుతో, పీఐ4పీ తక్కువున్నా నకలు తీసుకోగలిగింది. రెండోది, ఒకే వైరస్ వేర్వేరు కణాల్లో వేర్వేరు దారులు పడుతుంది. క్లోరోక్విన్ ఎండోసోమ్ ఆమ్లతను తగ్గిస్తుంది. కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వెరో కణాల్లో సార్స్ కోవ్-2 ఎండోసోమ్ గుండానే దిగుతుంది కాబట్టి అక్కడ మందు బాగా పనిచేసినట్టు కనిపించింది. మనిషి ఊపిరితిత్తి నుంచి వచ్చిన క్యాలు-3 కణాల్లో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 ఎంజైమ్ స్పైక్‌ను పొర దగ్గరే కత్తిరిస్తుంది, వైరస్ ఎండోసోమ్ దాకా పోనే పోదు. అక్కడ క్లోరోక్విన్ ఇన్ఫెక్షన్‌ను అడ్డుకోలేదని 2020లోనే తేలింది. మందును పరీక్షించే కణం తప్పుగా ఎంచుకుంటే ఎంత నష్టమో ఆ ఏడాది ప్రపంచమంతా చూసింది. అయినా ఈ దారి మూసుకుపోలేదు. హెచ్‌ఐవీకి తలుపైన సీసీఆర్5ను మూసే మరావిరాక్ 2007 నుంచి వాడుకలో ఉంది. ఆ ప్రొటీన్ పుట్టుకతోనే లేనివాళ్లు మామూలుగా బతుకుతున్నారు కాబట్టే అది సాధ్యమైంది. డైనీన్‌కు అలాంటి వెసులుబాటు లేదు.

కొత్తపాఠకి:
ఆఖరి ప్రశ్న. ఒక కొత్త వైరస్ ఎండోసోమ్ ఆమ్లత మీద ఆధారపడుతుందో లేదో మొదటిసారి చూడాలంటే ఏ వరసలో చేయాలి?

బెంచ్‌నోట్స్:
కనీసం రెండు కణరకాలు తీసుకోండి, ఒకటి ఆ వైరస్ సహజంగా సోకే కణజాలం నుంచి వచ్చినది కావాలి. తక్కువ ఎంఓఐతో చలిలో అతికించి, కడిగి, 37 డిగ్రీలకు తెచ్చిన క్షణం నుంచి 0, 15, 30, 60, 90 నిమిషాలకు వేర్వేరు పళ్లేల్లో ఎండోసోమ్ ఆమ్లతను ఆపే బాఫిలోమైసిన్ ఏ1ను 100 నానోమోలార్ చొప్పున వేయండి. ముందు వేసిన పళ్లేల్లోనే ఇన్ఫెక్షన్ ఆగి, తర్వాత వేసినవాటిలో ఆగకపోతే ఆ మధ్యలోనే వైరస్ ఎండోసోమ్ దాటినట్టు. అన్నిటిలోనూ సమానంగా తగ్గితే మందు దెబ్బతీసింది ప్రవేశాన్ని కాదు, తర్వాతి దశను లేదా కణాన్నే. అదే ప్రయోగాన్ని 20 మిల్లీమోలార్ అమ్మోనియం క్లోరైడ్‌తో తిరిగి చేయండి, రెండు మందులు ఆమ్లతను తగ్గించే విధానం వేరు కాబట్టి దుష్ప్రభావాలు ఒకేలా ఉండవు. వైరస్‌కు పొర ఉంటే ఇంకొక్కటి: చలిలో అతికించిన వైరస్ మీద పీహెచ్ 5 ఉన్న బఫర్‌ను 37 డిగ్రీల దగ్గర 2 నుంచి 5 నిమిషాలు పోసి, మామూలు మాధ్యమంలోకి మార్చండి. బాఫిలోమైసిన్ ఉన్నా ఇన్ఫెక్షన్ తిరిగి వస్తే, ఎండోసోమ్ చేసే పనిని మీరు బయటే చేసి చూపినట్టు. రాకపోతే ఆమ్లతతో పాటు కెథెప్సిన్ లాంటి లైసోసోమ్ ఎంజైములు కూడా కావాలేమో వెతకాలి.